బాయిలర్‌లో నీళ్లు ఎటు పోతున్నాయి? – నా అనుభవం

ఇంగ్లండ్‌లోని రెడింగ్ ఊళ్లో మేము ఉంటున్న ఇల్లు 1930లలో కట్టినది. పక్కింటితో ఒక గోడ పంచుకునే రెండంతస్తుల ఇల్లు, వంటగదిలో గోడకు బిగించిన గ్యాస్ బాయిలర్, గదులను వెచ్చబరిచే రేడియేటర్లు కింద ఐదు, పైన నాలుగు. 2022 డిసెంబరు రెండో వారంలో, బ్రిటన్ అంతటా రోజుల తరబడి ఉష్ణోగ్రత సున్నా చుట్టూనే తచ్చాడిన రోజుల్లో, ఒక ఆదివారం ఉదయం లేచేసరికి ఆ తొమ్మిదింటిలో ఒక్కటి కూడా వేడెక్కలేదు. మా వారు ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్లి ఉన్నారు. ఇంట్లో నేను, ఏడేళ్ల మా అబ్బాయి, విజిటర్ వీసా మీద మమ్మల్ని చూడడానికి వచ్చిన మా నాన్నగారు మాత్రమే ఉన్నాం.

నాన్నగారి గురించి రెండు మాటలు ముందే చెప్పాలి. ఆయన కృష్ణా జిల్లాలోని ఒక చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లకు పైగా బాయిలర్ అటెండెంటుగా పనిచేసి రిటైరయ్యారు. చెరకు పిప్పిని మండించి ఆవిరి పుట్టించే ఆ బాయిలర్లు మూడంతస్తుల ఎత్తు ఉండేవి. వాటి దగ్గర నిలబడడానికి ప్రభుత్వ పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆయనది ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్. అక్టోబరులో మా ఇంటికి వచ్చిన మొదటి రోజు వంటగదిలోని తెల్లని పెట్టెను చూపించి ఇదే మా బాయిలర్ అని చెబితే, దాని చుట్టూ ఒకసారి చూసి, "మందుల బీరువాలా ఉందే" అని నవ్వి ఊరుకున్నారు.

మన ఇళ్లలో బాయిలర్ అంటే మా అమ్మమ్మ తరం వారికి స్నానాల గదిలోని రాగి బాయిలర్. మధ్య గొట్టంలో బొగ్గులు గానీ కొబ్బరి చిప్పలు గానీ వేసి మంట పెడితే చుట్టూ ఉన్న నీళ్లు కాగేవి. నాన్నగారికి బాయిలర్ అంటే ఆవిరి. ఇక్కడి కాంబీ బాయిలర్‌లో ఆవిరి ఊసే లేదు, అసలు నీళ్లు మరగవు. అరవై, డెబ్భై డిగ్రీల వరకు వేడెక్కిన నీటిని ఒక చిన్న పంపు రేడియేటర్ల గుండా తిప్పి మళ్లీ బాయిలర్‌కు తెస్తుంది. స్నానానికి, గిన్నెలు కడగడానికి వాడుకునే వేడినీరు అదే పెట్టెలో వేరే దారిన వెళ్తుంది. రేడియేటర్లలో తిరిగే నీరు మాత్రం మూసిన వలయంలో ఉండిపోతుంది. తాగేవారు లేరు, వాడేవారు లేరు. ఆ నీరు తగ్గిందంటే ఎక్కడో ఒకచోట బయటికి పోయిందన్న మాటే. నేను దీన్ని గ్రహించడానికి రెండు రోజులు పట్టింది; నాన్నగారికి అరనిమిషం పట్టింది.

ఆ ఉదయం బాయిలర్ తెర మీద ఒక అక్షరం, రెండు అంకెలు మెరుస్తున్నాయి. ఒక్కో కంపెనీ ఒక్కో సంకేతం పెడుతుంది కనుక, బాయిలర్‌తో వచ్చిన చిన్న పుస్తకం దొరికితే తప్ప అదేమిటో తెలియదు. పుస్తకం కోసం నేను సొరుగులన్నీ వెతుకుతుండగా పక్కింటి పెద్దాయన చెత్తడబ్బా లోపలికి తీసుకువెళ్తూ కనిపిస్తే గోడ మీదుగా అడిగాను. ఆయన అనుభవంతోనే చెప్పారు: ఈ చలికి బయట ఉన్న తెల్లని ప్లాస్టిక్ గొట్టం గడ్డకట్టి ఉంటుంది, దాని మీద గోరువెచ్చని నీళ్లు పోస్తే సరిపోతుంది. 2005 నుంచి ఇంగ్లండ్‌లో కొత్తగా బిగించేవన్నీ దాదాపుగా కండెన్సింగ్ బాయిలర్లే; పొగలోని ఆవిరిని చల్లార్చి ఆ వేడిని కూడా వాడుకుంటాయి, అలా చల్లారిన నీరు ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టం ద్వారా బయటి మురుగు కాల్వలోకి చుక్కలు చుక్కలుగా పోతుంది. గట్టి చలిలో ఆ చుక్కలు గొట్టంలోనే గడ్డకట్టి దారి మూసేస్తే బాయిలర్ ఆగిపోతుంది. ఆ వారం చాలా ఇళ్లలో జరిగింది అదే. నేను కూడా ఒక చెంబుడు గోరువెచ్చని నీళ్లు తీసుకువెళ్లి పోసి వచ్చాను. ఏమీ జరగలేదు. ఆ గొట్టానికి జానెడు దూరంలో, గోడలోంచి బయటికి వచ్చి కిందికి వంగిన మరో రాగి గొట్టం కింద సిమెంటు మీద గుప్పెడు మంచుగడ్డ ఉండడం నేను చూశాను, పట్టించుకోలేదు. అది కూడా ఈ ప్లాస్టిక్ గొట్టం తాలూకు తడే అనుకున్నాను.

లోపలికి వచ్చేసరికి నాన్నగారు కళ్లద్దాలు పెట్టుకుని బాయిలర్ ముందు వంగి నిలబడి ఉన్నారు. దాని అడుగున, రూపాయి బిళ్లకంటే కొంచెం పెద్దదిగా ఒక గుండ్రని గేజ్ ఉంది. రెండున్నరేళ్లుగా ఆ వంటగదిలో వండుతున్న నేను దాన్ని ఏనాడూ చదవలేదు. సున్నా నుంచి నాలుగు వరకు అంకెలు, 1కీ 2కీ మధ్య ఆకుపచ్చ గీత, 3 దాటాక ఎరుపు. ముల్లు 0.2 దగ్గర వాలిపోయి ఉంది.

"నీళ్లు లేవమ్మాయ్ దీంట్లో. నీళ్లు లేకుండా మండకుండా దానంతటదే ఆగిపోయింది. మంచి పని చేసింది" అన్నారు నాన్నగారు.

పుస్తకం చివరికి మీటరు బాక్సులో, మాకు ఇల్లు అమ్మినవారు వదిలిపెట్టిన కవరులో దొరికింది. సంకేతం అర్థం కూడా అదే: నీటి ప్రెషర్ తక్కువ. వ్యవస్థ చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలని, వేడెక్కాక 2 దాకా పెరగవచ్చని రాసి ఉంది. పది మీటర్ల ఎత్తున నీరు నిలబెడితే అడుగున పడే ఒత్తిడి సుమారు ఒక బార్. మన ఇళ్లలో మేడ మీది ట్యాంకు ఎత్తే కింది కుళాయిలకు ఒత్తిడినిస్తుంది. ఇక్కడి పాత ఇళ్లలోనూ పైకప్పు కింద రేడియేటర్ల కోసమే ఒక చిన్న తొట్టి ఉండేది. కాంబీ బాయిలర్ వచ్చాక ఆ తొట్టిని తీసేశారు. ఇప్పుడు వీధి పైపులోని నీటి ఒత్తిడితోనే ఒకసారి నింపి, మూత బిగించి వదిలేస్తారు. తగ్గితే ఇంటివారే నింపుకోవచ్చు. గ్యాస్‌తో ముడిపడిన పని ఏదైనా చేయడానికి గ్యాస్ పనివారి అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన వారే రావాలని చట్టం ఉంది కానీ, బాయిలర్ కవరు విప్పకుండా బయటి నుంచి నీళ్లు నింపడం ఆ కిందికి రాదు.

నింపడానికి కావలసింది ఫిల్లింగ్ లూప్. మన గీజర్ల కింద కనిపించే, స్టీలు తీగ అల్లిన కనెక్షన్ పైపు లాంటిదే. మా బాయిలర్ కింద రెండు వాల్వులు ఉన్నాయి, వాటి మూతులకు ఇత్తడి మూతలు ఉన్నాయి, మధ్యలో ఉండాల్సిన గొట్టం మాత్రం లేదు. ఎవరో ఎత్తుకుపోయారని నేను అనుకుంటుండగా నాన్నగారు కుర్చీ వేసుకుని ఎక్కి బాయిలర్ నెత్తిన తడిమి, దుమ్ము పట్టిన ప్లాస్టిక్ సంచి ఒకటి దించారు. గొట్టం, రెండు ఫైబర్ వాషర్లు అందులో భద్రంగా ఉన్నాయి. ఇక్కడి 1999 నాటి నీటి అమరికల నిబంధనల ప్రకారం నింపడం అయిపోగానే ఆ గొట్టాన్ని విప్పి పక్కన పెట్టాలట. చాలా ఇళ్లలో విప్పరు. మా ఇంటి పాత యజమాని ఎవరో నియమం తప్పని మనిషి అయి ఉండాలి.

బాయిలర్‌కు కరెంటు ఆపేశాం. అది రాత్రంతా ఆగి ఉంది కనుక చల్లారే దాకా కాచుకునే అవసరం పడలేదు. ఈ విషయంలో నాన్నగారు ఎంతో పట్టుదల చూపారు. వేడి మీద ఉన్న బాయిలర్‌లో నీళ్లు అడుగంటినప్పుడు చన్నీళ్లు వదిలితే ఫ్యాక్టరీలో అయితే ఏం జరుగుతుందో ఆయన వర్ణించబోతే, అబ్బాయి కళ్లు పెద్దవి చేసుకుని వింటున్నాడని ఆపేశాను. ఇత్తడి మూతలు విప్పి, వాషర్లు సరిగ్గా కూర్చున్నాయని చూసుకుని, గొట్టం రెండు చివర్లనూ చేతితో బిగించి, పానాతో మరో పావు చుట్టు తిప్పాను. వాల్వు పిడి గొట్టానికి అడ్డంగా ఉంటే మూసినట్టు, గొట్టం వెంబడి ఉంటే తెరిచినట్టు. మొదటిది పూర్తిగా తెరిచాను. రెండోదాన్ని గోరంత తిప్పేసరికి సన్నని ఈల వినిపించి గొట్టం చేతి కింద చల్లగా వణికింది. ముల్లు కాసేపు కదల్లేదు, తరువాత 0.5, 0.8, 1, ఒక్కసారిగా 1.3. రెండు వాల్వులూ మూసేశాను. అంతా కలిపి అర నిమిషం కూడా పట్టి ఉండదు. గొట్టం విప్పేటప్పుడు అందులో మిగిలిన నీళ్లు కారతాయని కింద ఒక గిన్నె పెట్టమని నాన్నగారు చెప్పారు. నేను మరిచిపోయాను, టోస్టర్ మీద కారాయి.

బాయిలర్ వెలిగింది. గంటకల్లా ఇల్లు వెచ్చబడింది గానీ పైన అబ్బాయి గదిలో రేడియేటర్ అడుగు మాత్రమే వేడిగా, పై సగం చల్లగా ఉంది. పై భాగం చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్టు. అడుగు చల్లగా ఉంటే మాత్రం అది వేరే జబ్బు, తుప్పు మడ్డి పేరుకున్నట్టు. హీటింగ్ ఆపి, రేడియేటర్ చల్లారనిచ్చి, పై మూలన ఉండే చిన్న చదరపు మొలకు సరిపోయే తాళంచెవితో ఎడమకు పావు చుట్టు తిప్పాం. బుస్సుమని గాలి చాలాసేపు పోయింది. గాలి అయిపోగానే నీళ్లు వస్తాయని తెలిసే చేతిలో గుడ్డ పెట్టుకున్నాను గానీ, ఆ వచ్చేవి సిరాలాంటి నల్లని నీళ్లని తెలియదు. గుడ్డ దాటి లేత రంగు కార్పెట్ మీద పడ్డ నాలుగు చుక్కలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఇనుప తుప్పు కలిసి తిరుగుతున్న ఆ నీళ్లను చూశాక, నింపే గొట్టాన్ని విప్పి పెట్టమని నిబంధన ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. వాల్వు కారి ఈ నీళ్లు వెనక్కి నడిస్తే చేరేది తాగే నీటి పైపులోకే. గాలి తీశాక ముల్లు 0.9కి దిగింది, మళ్లీ 1.3కి నింపాను. మా వారికి ఫోన్ చేసి బాయిలర్ బాగుచేశానని గర్వంగా చెప్పాను.

సోమవారం ఉదయం ముల్లు 0.4 దగ్గర ఉంది. అదే అక్షరం, అవే అంకెలు.

నేను నేరుగా వెళ్లి గొట్టం తీశాను. నాన్నగారు నా చేయి పట్టుకున్నారు. "ఎన్నిసార్లు పోస్తావమ్మా? కుండకు చిల్లు పడితే ముందు చిల్లు చూడాలి కదా. నీళ్లు ఎటు పోతున్నాయో కనుక్కో, పోయడం ఎంతసేపు?" అన్నారు. మాటలు మామూలుగానే అన్నారు గానీ, ఆ వారమంతా జరిగిన పని అక్కడే మొదలైంది.

అబ్బాయిని బడిలో దించి వచ్చి, ఇంటి నుంచే పనిచేస్తానని ఆఫీసుకు చెప్పి, ఇద్దరం ఇల్లంతా వెతికాం. తొమ్మిది రేడియేటర్లకు రెండేసి చొప్పున పద్దెనిమిది వాల్వులు. ఒక్కోదాని కింద పొడి టిష్యూ కాగితం ఒత్తి చూశాం. కంటికి కనిపించని చెమ్మ కూడా కాగితం మీద తెలిసిపోతుంది. హాలులో ఒకదాని కింద ఆకుపచ్చ చిలుము మరక ఉంది, కానీ పొడిగా ఉంది. కింది గదుల పైకప్పులో మరకలు లేవు. నేల పలకల కింద పైపు కారుతుందేమోనని నాకు భయం పట్టుకుంది. అదే నిజమైతే నేలంతా ఊడదీయాలి. నాన్నగారు మాత్రం బాయిలర్ ముందు కుర్చీ వేసుకుని, అబ్బాయి లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో గీతలు గీయడం మొదలుపెట్టారు. టైము, ప్రెషర్, వేడి, రిమార్కులు. ఫ్యాక్టరీలో గంటగంటకూ రాసే లాగ్ బుక్ అది.

"ఇప్పుడు నింపు. 1.2కి నింపి వెలిగించు. పక్కనే కూర్చుని చూద్దాం."

ఆ పేజీ నా దగ్గర ఇంకా ఉంది. 9:00కి చల్లగా ఉన్నప్పుడు 1.2. 9:20కి 1.8. 9:40కి 2.5. 10:00కి 3, ఎరుపు అంచున. అక్కడ ముల్లు ఆగిపోయింది. బాయిలర్ ఇంకా వేడెక్కుతోంది, ముల్లు మాత్రం పెరగదు. నాన్నగారు ఆ వరుస కింద రెండు గీతలు కొట్టి లేచి, మంకీ క్యాప్ తగిలించుకుని, బూట్లు వేసుకుని వాకిలి తీశారు. ఎక్కడికని అడిగితే, "సేఫ్టీ వాల్వు ఊదుతోంది. ఎక్కడో ఊదాలి" అన్నారు.

గోడలోంచి వచ్చిన ఆ రాగి గొట్టం చివర వేడినీళ్లు సన్నని ధారగా కారుతున్నాయి, ఆవిరి పొగలు లేస్తున్నాయి. నేను ముందు రోజు చూసీ వదిలేసిన గుప్పెడు మంచుగడ్డ ఇప్పుడు పీట అంత అయింది. దాని మధ్యలో వేడినీళ్లు పడినచోట గుంట తొలిచి ఉంది, అంచులు మళ్లీ గడ్డకట్టి ఉన్నాయి. మూసిన వలయంలో ఒత్తిడి 3 బార్లకు చేరితే తెరుచుకునే రక్షణ వాల్వు తాలూకు గొట్టం అది. మనుషుల మీద చిమ్మకుండా దాని మూతిని గోడవైపు తిప్పి పెడతారు. దాని కింద రెండు లీటర్ల ఖాళీ ఐస్‌క్రీం డబ్బా పెట్టాం. మధ్యాహ్నం హీటింగ్ ఆపేసరికి డబ్బా మూడొంతులు నిండింది. చల్లారాక, రెండు గంటలకు, ముల్లు 0.5.

నీళ్లు ఎటు పోతున్నాయో తెలిసింది. ఎందుకు పోతున్నాయో నాన్నగారు అదే పేజీలో లెక్కవేసి చూపించారు. పది డిగ్రీల నీటిని డెబ్భైకి వేడిచేస్తే దాని పరిమాణం నూటికి రెండుకు కొంచెం పైగా పెరుగుతుంది. మా రేడియేటర్లు, గొట్టాలు అన్నీ కలిపి సుమారు వంద లీటర్లు అనుకుంటే, వేడెక్కినప్పుడల్లా రెండు లీటర్లకు చోటు కావాలి. ఆ చోటు ఇవ్వడానికే బాయిలర్ లోపల ఎక్స్‌పాన్షన్ వెసెల్ అనే ఒక ఉక్కు డబ్బా ఉంటుంది. మధ్యలో రబ్బరు పొర. దానికి ఒకవైపు రేడియేటర్ల నీరు, రెండోవైపు ఒక బార్ దాకా నింపిన గాలి. నీరు పెరిగితే పొర గాలివైపు జరుగుతుంది, చల్లారితే గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. ఆ గాలి ఏళ్ల తరబడి మెల్లగా తగ్గిపోతుంది, సైకిల్ టైరులో తగ్గినట్టే. గాలి తగ్గిన డబ్బాలో పెరిగిన నీటికి చోటుండదు, ఒత్తిడి గబగబా 3కి చేరుతుంది, రక్షణ వాల్వు తెరుచుకుని నీటిని బయటికి వదిలేస్తుంది. రాత్రికి చల్లారి నీరు కుంచించుకునేసరికి లోపల మిగిలింది చాలదు, ముల్లు పడిపోతుంది. ఉదయం నేను మళ్లీ నింపుతాను, మధ్యాహ్నానికి అది మళ్లీ బయట పారబోస్తుంది. ఆదివారం నేను "బాగుచేసింది" ఈ చక్రంలో ఒక చుట్టు మాత్రమే.

ఒత్తిడి తగ్గడమే కంటికి కనిపిస్తుంది కనుక దాన్నే జబ్బనుకుంటాం. వేడి మీద ఉన్నప్పుడు ముల్లు ఎంత పైకి పోతుందో చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. హీటింగ్ ఆపి ఉంచిన రాత్రి కూడా ముల్లు దిగుతూ ఉంటే అప్పుడు కారే పైపు కోసం వెతకాలి. మా ఇంట్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆపి ఉంచి చూస్తే 0.5 దగ్గర నుంచి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నేల పలకలు ఊడదీసే భయం ఆ ఒక్క రీడింగుతో పోయింది.

గాలి తగ్గిన ఆ ఉక్కు డబ్బా బాయిలర్ కవరు లోపల ఉంది. గాలి కొట్టడమే కదా, కారు టైరు పంపు ఉంది కదా అని నేను ఉత్సాహపడ్డాను. మంటగదిని మూసి ఉంచే కవరు విప్పడం మన పని కాదని పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. సర్టిఫికెట్ లేనివాడు బాయిలర్ మీద చేయి వేయకూడదన్న విషయంలో నాన్నగారి మనసు మార్చడం ఇంకా అసాధ్యం. తన సర్టిఫికెట్ ఈ దేశంలో చెల్లదని ఆయనే అన్నారు. ఆ వారం ఊరంతా బాయిలర్లు ఆగి ఉండడంతో, నేను ఫోన్ చేసిన నాలుగో ఆయన గానీ శుక్రవారం వస్తానని ఒప్పుకోలేదు. మొదట మాట్లాడిన ఒక సంస్థ అయితే బాయిలర్ వయసు పదకొండేళ్లు అని చెప్పగానే, చూడకుండానే కొత్తది బిగించడానికి ధర చెప్పడం మొదలుపెట్టింది. నా చేతిలో లాగ్ బుక్ లేకపోయి ఉంటే ఆ మాటకు నేను తలూపి ఉండేదాన్నని ఒప్పుకోవాలి.

శుక్రవారం దాకా గడపడానికి, ఒప్పుకున్న ఆయనే ఫోన్‌లో ఒక ఉపాయం చెప్పారు: బాయిలర్ నీటి వేడిని యాభై డిగ్రీలకు తగ్గించి, వాడని గదుల రేడియేటర్లను కట్టేయమన్నారు. వేడి తగ్గితే నీరు పెరిగేదీ తగ్గుతుంది, ముల్లు 3 దాకా పోదు. అలాగే చేశాం. ముల్లు 2.6 దగ్గర ఆగింది, ఐస్‌క్రీం డబ్బాలో చుక్కలు పడడం మాత్రం మానలేదు. ఒకసారి తెరుచుకున్న వాల్వు మళ్లీ గట్టిగా మూసుకోలేదని నాన్నగారు అప్పుడే అన్నారు. రోజూ ఉదయం ఒకసారి 1 బార్‌కు నింపుతుంటే ఆయన ప్రతిసారీ బాధపడేవారు. కొత్త నీటితో పాటు ఆక్సిజన్ లోపలికి పోయి ఇనుమును తింటుంది; ఫ్యాక్టరీలో బాయిలర్‌కు పంపే నీటిలోంచి ఆక్సిజన్ తీయడానికే వేరుగా ఒక ట్యాంకు ఉండేదట. అబ్బాయి గదిలో వచ్చిన నల్లనీళ్లకు మేము రోజుకో గ్లాసు బలం పోస్తున్నామన్నమాట.

శుక్రవారం వచ్చిన మెకానిక్ లోపలికి అడుగు పెట్టగానే తన గ్యాస్ సేఫ్ కార్డు చూపించారు. ముందువైపు ఫొటో, నంబరు, గడువు. వెనకవైపు ఏయే రకం పనులకు అర్హత ఉందో రాసి ఉంటుంది, చాలామంది ఆ వెనకవైపు చూడరని ఆయనే తిప్పి చూపించారు. నేను ఏదో చెప్పబోతుంటే నాన్నగారు నోటుపుస్తకం ఆయన ముందు పెట్టారు. ఆయన ఐదు రోజుల అంకెలను వేలితో కిందిదాకా చదివి, ఇక తాను కనుక్కోవలసింది ఏమీ మిగల్లేదని నవ్వారు. నాన్నగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆయనకు తెలుగు రాదు. తరువాతి గంటన్నరలో నా అనువాదం అవసరం పడింది రెండుసార్లే.

బాయిలర్‌ను రేడియేటర్ల నుంచి వేరుచేసే వాల్వులు మూసి, లోపలి నీటిని బకెట్లోకి వదిలి, ముల్లును సున్నాకు తెచ్చారు. కవరు విప్పితే వెనుకవైపు నిలువుగా, పెనం అంత వెడల్పున ఆ ఉక్కు డబ్బా, దానికి అచ్చం కారు టైరుకు ఉండేలాంటి వాల్వు కనిపించాయి. ఆయన దాని మధ్య మొలను గోటితో నొక్కినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను. అక్కడి నుంచి నీళ్లు వస్తే రబ్బరు పొర చిరిగినట్టు, డబ్బా మార్చాలి. నీళ్లు రాలేదు, గాలి కూడా ఉండీ లేనట్టు ఒక నిట్టూర్పుగా వచ్చింది. పొర బాగానే ఉంది, గాలే పోయింది. చేతి పంపుతో ఒక బార్ దాకా కొట్టి, పావుగంట ఆగి, గేజ్ దిగలేదని చూసుకున్నారు. తరువాత రక్షణ వాల్వును విప్పి కొత్తది బిగించారు. రేడియేటర్లలో తుప్పు పట్టకుండా పోసే ఇన్హిబిటర్ మందు మేము నింపిన కొత్త నీటితో పలచబడి ఉంటుందని ఒక సీసా పోసి, 1.2కి నింపి వెలిగించారు. అన్నీ కలిపి నూట ఎనభై పౌండ్లు తీసుకున్నారు.

ఆయన సామాను సర్దుకుంటుంటే నాన్నగారు చెత్తసంచిలో పడేసిన పాత వాల్వును అడిగి తీసుకున్నారు. బొటనవేలంత ఇత్తడి ముక్క, నెత్తిన ఎర్రటి పిడి. కిటికీ దగ్గరకు తీసుకువెళ్లి స్ప్రింగును నొక్కి పట్టుకుని, లోపలి రబ్బరు గద్దెను పిన్నీసు మొనతో నాకూ మనవడికీ చూపించారు. ఆవగింజలో సగం ఉన్న నల్లటి రేణువు ఒకటి రబ్బరులో దిగబడి కూర్చుని ఉంది, దాని చుట్టూ వెంట్రుకంత గాడి పడి ఉంది. రోజంతా చుక్కలు పడింది ఆ గాడిలోంచే. ఒకసారి ఊదిన వాల్వును ఫ్యాక్టరీలో విప్పి గద్దె నునుపు చేయకుండా తిరిగి బిగించరని, ఇక్కడ కొత్తది చవకగా దొరుకుతుంది కనుక ఆ బాధ లేదని అన్నారు. రేణువు అదొక్కటే కాదు, ఇంకా చిన్నవి కూడా ఉన్నాయి గానీ అవి భూతద్దం పెట్టి చూస్తే గానీ కనిపించలేదు.

శనివారం లాగ్ బుక్‌లో చల్లగా 1.2, వేడిగా 1.8 అని ఉంది. ఆ తరువాత పేజీ నిండా అవే అంకెలు. మా వారు తిరిగి వచ్చాక ఐస్‌క్రీం డబ్బా ఎందుకు బయట ఉందని అడిగారు. ఫిల్లింగ్ లూప్‌ను కొత్త వాషర్లతో సహా సంచిలో పెట్టి మళ్లీ బాయిలర్ నెత్తిన ఉంచాను. 2023 నవంబరులో ముల్లు 0.9కి వచ్చినప్పుడు ఒకసారి దించాను, ఆ తరువాత దించే అవసరం పడలేదు. నాన్నగారు ఆ చలికాలం చివర, మార్చిలోనే తిరిగి వెళ్తూ పాత వాల్వును మేజోడులో చుట్టి చేతి సంచిలో పెట్టుకున్నారు. హీత్రో విమానాశ్రయంలో స్కానర్ దగ్గర సంచి ఆపి, ఇదేమిటని అడిగితే ఆయన గంభీరంగా ఒక్కటే మాట చెప్పారు: "సేఫ్టీ." వాళ్లు అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి మేజోడులోనే పెట్టి ఇచ్చేశారు.